కొత్త ల్యాప్‌టాప్, పచ్చి ఫోటోలు

ఆ మనిషి ఒకచోట నిలబడగా చూసినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. మాట్లాడుతూ మాట్లాడుతూనే మెట్లు దిగిపోతాడు. చేతిలో టీ గ్లాసు ఉండగానే ఇంకో టీ చెబుతాడు. ‘బాగున్నావా’ అని పలకరిస్తే జవాబు వీధి చివర నుంచి వినిపిస్తుంది. చిన్నప్పుడెప్పుడో ఎవరో ‘తుర్రు’ అని పేరు పెడితే అది అలాగే అతుక్కుపోయింది. సైకిళ్ల షాపు పైనున్న అతని స్టూడియోకి బోర్డు మీద గొప్ప పేరే రాసుంది గాని, అడ్రసు అడిగితే అందరూ ‘తుర్రు స్టూడియోకా? పైకి పోండి, ఉంటే ఉంటాడు’ అనే చెబుతారు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదేమిటయ్యా అంటే, ‘కూర్చుని మాట్లాడే తీరిక దొరకాలి గదా’ అంటాడు.

అలాంటి మనిషిని కుర్చీకి కట్టేసింది ఒక పాత ల్యాప్‌టాప్. కట్టేసిందన్న మాటే గాని, కుదురుగా ఉంచిందా అంటే లేదు. ఫోటో తెరిస్తే ముందు మసక వచ్చేది, తర్వాత ఇంకాస్త తక్కువ మసక వచ్చేది, అది తేటపడేలోపు ఇతను లేచి కిటికీ దాకా వెళ్లొచ్చేవాడు. వెలుగు కొంచెం పెంచుదామని తెర మీది మీటని మౌసుతో జరిపితే, జరిపిన సంగతి ఇతను మర్చిపోయాక తెర మీద వెలుగు పెరిగేది. లోపల ఫ్యానేమో పిండిమర లాగా మోత. ‘ఒరేయ్, నిన్ను కిటికీలోంచి విసిరేస్తా చూడు’ అని రోజూ దాన్ని బెదిరించేవాడు. అది ఏమాత్రం చెవిన పెట్టేది కాదు.

దాని బాధ దానిది, పాపం. మనం ఫోన్లో తీసుకునే ఫోటోకి వెలుగూ రంగూ ఫోనే సర్దేసి చేతికిస్తుంది. పెద్ద కెమెరాలో తీసే ‘రా’ ఫైలు, అంటే పచ్చి ఫైలు, అలా కాదు. కెమెరా కంటికి కనబడిందంతా మూటగట్టి ఇస్తుంది. విప్పి చూస్తే చప్పగా, బూడిద రాసినట్టు ఉంటుంది. మొహం మీద ఎంత వెలుగుండాలి, నీడ ఎంత ముదరాలి, ఒంటి రంగు ఎలా కనబడాలి అన్నది తర్వాత తీరిగ్గా కూర్చుని తేల్చుకోవాలి. ఒక్కో మూటా బరువే. అలాంటివి వేలు. పాత ల్యాప్‌టాప్ వాటి కింద నలిగిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

వాటిని తుర్రు ‘పచ్చి ఫోటోలు’ అంటాడు. పచ్చి ఫోటో స్టూడియో గుమ్మం దాటకూడదన్నది అతనికి పని నేర్పిన పెద్దాయన పెట్టిన కట్టుబాటు. ఉడకని మెతుకు ఎవరి నోట్లోనూ పెట్టకు అనేవాడాయన. మిగతా విషయాల్లో మాట మీద నిలబడని తుర్రు, ఈ ఒక్క దాంట్లో మాత్రం గురువుని మించిపోయాడు. ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి తన ఫోటో ఎలా వచ్చిందో ఒక్కసారి చూపించవయ్యా అంటే, ‘రేపు రండి సార్’ అని కెమెరా చంకలో దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మర్నాడు మళ్లీ వచ్చాడు మరి.

ఇంతకీ ఆ వేలకొద్దీ ఫోటోలు ఎవరివంటే, మేనకోడలి పెళ్లివి. అడిగింది ఎవరంటే, అక్క.

తుర్రుకి లోకంలో భయమంటూ ఉంటే అక్కంటేనే, ప్రేమంటూ ఉంటే అక్కంటేనే. తల్లి తొందరగా పోవడంతో ఆమే పెంచింది. బస్టాండులో టికెట్లిచ్చే కౌంటర్ వెనక కూర్చుని బతుకంతా వెళ్లదీసింది. ఆ చిన్న కన్నంలోంచి ఎన్ని మొహాలు చూసిందో, చూసినవి చూసినట్టు గుర్తుపెట్టుకునేది. ‘మీరు ఆ ఏడాది వానల్లో ఆఖరి బస్సుకి వెళ్లారు గదూ, అప్పుడు మీసం ఉండేది’ అని ఎవరినో సంతలో నిలేసి అడిగేది. ఆయన నోరు తెరిచేవాడు. బావ పోయాక ఒక్కత్తే కూతుర్ని చదివించింది, మందుల షాపులో ఉద్యోగంలో నిలబెట్టింది, మంచి సంబంధం చూసి పెళ్లి చేసింది. ఆ పెళ్లికి ముందే కళ్ల సంగతి బయటపడింది.

చూపుకి నడిమధ్యలో మచ్చ పడిందట. ఒక కన్ను అప్పటికే పోయినట్టే లెక్క. రెండో కంటికీ మొదలైంది. ‘అంచుల్లో చూపుంటుంది, నడవగలరు, పనులు చేసుకోగలరు. మధ్యలోది మాత్రం మసకేస్తుంది. చదవడం, మొహాలు పోల్చుకోవడం కష్టమవుతుంది. మందు వేస్తున్నాం, ఎన్నాళ్లు ఆపుతుందో చెప్పలేం’ అన్నాడు కళ్ల డాక్టరు. అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి స్టవ్ తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

పెళ్లి రోజంతా వచ్చినవాళ్లకి కుర్చీలు, భోజనాలు, పిల్లలకి పాలు అంటూ హాలు ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉంది. అంతా సద్దుమణిగాక తమ్ముణ్ణి పక్కకి పిలిచింది.

“ఒరే, దాని మొహం తీరిగ్గా చూడనేలేదురా ఇవాళ. నువ్వు తీసినవి నాకు తొందరగా చూపించు. కూర్చుని నెమ్మదిగా ఒక్కొక్కటీ చూసుకుంటా. చూపున్నప్పుడే చూడాలి.”

“నువ్వు దిగులుపడకక్కా. ఇన్నాళ్లూ నేను తీసినవన్నీ ఒకెత్తు, ఇవొకెత్తు. అలా చేసిస్తా.”

ఇదిగో, చిక్కంతా ఇక్కడే పడింది. ఆమె అడిగింది తొందరగా. ఇతనికి వినబడింది గొప్పగా. అక్క చూసే ఆఖరి ఫోటోలు ఇవే కావచ్చునన్న ఆలోచన బుర్రలో దూరాక, ఇక ఏ ఫోటో చూసినా ఇది చాలదనే అనిపించేది. మెడ దగ్గర నీడ ఎక్కువైందని ఒకటి ఆపాడు. వెనక ఎవరిదో చెయ్యి కనబడుతోందని ఇంకొకటి ఆపాడు. మీట జరపడం, అది కదిలేదాకా కాలు ఊపడం, లేవడం, కూర్చోవడం, జుట్టు పీక్కోవడం. చేసినవి చేసినట్టే పక్కన పెడుతున్నా, మిగిలినవి తరగడం లేదు.

అక్క ఫోన్ చేసేది. “అయ్యాయా?”

“అవుతున్నాయక్కా. ఈ మిషనే నా ప్రాణం తీస్తోంది. దీన్ని మార్చానంటే ఒక్క రోజు పని.”

“పోనీ కెమెరా తెచ్చి అందులోనే చూపించరాదూ? నాకేం తెలుస్తుంది రంగులూ అవీ?”

“పచ్చివి నీకెలా చూపిస్తానక్కా! ఊరందరికీ వండి పెట్టి నీకు పిండి పెట్టమంటావా?”

ఆమె నవ్వి పెట్టేసేది. ఆ నవ్వు విన్న తుర్రుకి ఒళ్లు మండేది, ల్యాప్‌టాప్ మీద.

చివరికి దాన్ని చంకన పెట్టుకుని కంప్యూటర్ల రిపేరు షాపుకి పరుగెత్తాడు. షాపు నడిపే ఆవిడ మాటకి మాట అంటించే రకం. స్క్రూలు విప్పి లోపలి దుమ్ము ఊదింది.

“మెమరీ చాలట్లేదు, డిస్కు పాతకాలం నాటిది. రెండూ మార్చేస్తే చప్పున తెరుచుకుంటాయి. కానీ మీ పనికి అసలు దీని మెదడే చాలదు. అది మార్చలేం, మిషనే మార్చాలి.”

“ఏది చేస్తే నా పని సగంలో అయిపోతుందో అది చెప్పండి.”

“ఫోటో తెరుచుకోవడం, మీరు చేసిన మార్పు కనబడటం, చివర్న బయటికి తీయడం, ఇవన్నీ తొందరగా అవుతాయి. మరి మిగతా టైమంతా ఎవరు తింటున్నారు? అది ఆలోచిస్తోందా, మీరు ఆలోచిస్తున్నారా?”

“అదే ఆలోచిస్తోంది! నాకు ఆలోచించే తీరికెక్కడిది?”

“అయితే సరే” అని ఆవిడ స్క్రూడ్రైవర్ తిప్పింది.

మెమరీ పెంచారు, డిస్కు మార్చారు. నిజమే, ఫోటోలు తెరుచుకోవడం హాయిగా ఉంది. పొద్దున మీట నొక్కి టీకి పోయి రావలసిన పని తప్పింది. కానీ మీట జరిపితే తెర మళ్లీ పాత పాటే పాడుతోంది. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు మళ్లీ షాపు గుమ్మంలో ఉన్నాడు. పక్షుల ఫోటోల కోసం ముచ్చటపడి కొనుక్కున్న పొడుగు లెన్సుని అమ్మేసి కొత్త ల్యాప్‌టాప్‌కి ఆర్డరిచ్చేశాడు. అది రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లూ పాతదాని మీద చెయ్యి వేయలేదు. వచ్చాక చిటికెలో అయిపోయే పనికి ఇప్పుడెందుకు చావాలి అనుకున్నాడు. కాలుగాలిన పిల్లిలా స్టూడియోలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాడు. ‘అయ్యాయా’ అని అక్క అడిగితే, ‘వస్తోందక్కా, దారిలో ఉంది’ అన్నాడు. ఫోటోలు దారిలో ఉండటమేమిటో ఆమెకి అర్థం కాలేదు.

కొత్తది వచ్చింది. ఆహా, ఏం చెప్పాలి! ఫ్యాను ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. ఫోటో మీద వేలు పెడితే చాలు, నిండుగా, తేటగా ఎదురొచ్చి నిలబడుతోంది. మీట ఇటు జరిపితే వెలుగు ఇటు, అటు జరిపితే అటు, చేతిని అంటిపెట్టుకుని వస్తోంది. తుర్రు కుర్చీలోనే ఎగిరి గంతేశాడు. కింద సైకిళ్ల షాపువాడు ‘ఏమైందన్నా’ అని అరిస్తే, ‘ప్రాణం లేచొచ్చిందిరా’ అని పైనుంచి అరిచాడు.

తర్వాత, పాతదాని మీద చేసి పక్కన పెట్టిన ఫోటోలన్నీ వరసగా తెరిచాడు.

పెళ్లికూతురి మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పెళ్లికొడుకు పెదాలు నీలంగా ఉన్నాయి. అందరూ చన్నీళ్లలో నానబెట్టి తీసిన మనుషుల్లా ఉన్నారు. ముందు కొత్త తెరని తిట్టాడు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసింది. ఏళ్ల తరబడి వాడిన పాత తెర మెల్లమెల్లగా వెలవెలబోయి పసుపు తిరిగింది. రోజూ చూసే కళ్లకి అది పట్టలేదు. ఆ పసుపు చూసి ఇతను నీలం కలిపాడు, ఆ మసక చూసి ఇతను వెలుగు పోశాడు. ఇన్నాళ్లూ అతను దిద్దింది ఫోటోల్ని కాదు, ఆ తెర జబ్బుని. చేసిందంతా చెడ్డట్టే. కథ మొదటికొచ్చింది.

తల పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. కాసేపే. కొత్తది ఉందిగా, చిటికెలో లాగించేద్దాం అనుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక్కడ ఇంకో తమాషా జరిగింది. పాతదాని మీద ఒక మార్పు చేస్తే, అది కనబడేసరికి విసుగొచ్చి ‘సర్లే’ అని ముందుకి పోయేవాడు. ఇప్పుడు ఆ ‘సర్లే’ నోట రావడం లేదు. అన్నీ చప్పున కనబడుతుంటే అన్నీ చేసి చూడాలనిపిస్తోంది. కాస్త వెచ్చగా ఒకటి, కాస్త చల్లగా ఒకటి, నీడ తేల్చి ఒకటి, ముంచి ఒకటి. ఒక్కో ఫోటోకి నాలుగు రకాలు చేసి, నాలుగింటినీ ముందు పెట్టుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. మిషన్ ఎప్పుడో చేసేసి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆగింది ఇతనే. ఇది ఇతనికి తెలియక కాదు. తెలిసినకొద్దీ కాళ్లలో దురద ఎక్కువై, లేచి తిరిగి, మళ్లీ కూర్చుని, ఐదో రకం చేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. మందుల షాపు కోటు కూడా విప్పకుండా మెట్లెక్కి వచ్చింది.

“మామయ్యా, ఫోటోలేవి?”

“ఇదిగో తల్లీ, చూడు, ఇందులో నీ మొహం వెచ్చగా బాగుందా, ఇందులో...”

“నిన్న మా ఆయన మా అమ్మ దగ్గరికి వెళ్లారు. తలుపు తీసి ‘ఎవరు కావాలి బాబూ’ అంది.”

తుర్రు చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

“మాట్లాడాక గొంతు గుర్తుపట్టి నొచ్చుకుందట. టిఫిన్ పెట్టిందట, రెండుసార్లు క్షమించమందట. సొంత అల్లుణ్ణి, మామయ్యా! ఎప్పుడో టికెట్ కొన్నవాళ్లని గుర్తుపట్టే మనిషి. సాయంత్రం నేను వెళ్తే దగ్గరికి రమ్మని నా చెంపలు తడిమింది. ‘బానే కనబడుతున్నావులే’ అని అబద్ధమాడింది. నాకు తెలీదా?”

“మరి నాకు చెప్పలేదేం ఎవరూ?”

“నువ్వు ఆగితే కదా చెప్పడానికి! అమ్మ ఫోన్ చేస్తే మిషన్ గోలే గాని, నీ కన్నెలా ఉందక్కా అని ఒక్కసారి అడిగావా?”

అడగలేదు.

“ఇంకొక్క రెండు రోజులు, అమ్మలూ. ఇవి ఇలా ఎలా చూపిస్తాను? సగం పచ్చివి. ఇదిగో చూడు, నీ కళ్లు మూసుకుపోయినవి కూడా ఇందులోనే...”

మేనకోడలు ఒంటికాలి మీద లేచింది. “మీ గురువుగారు వచ్చి చూస్తారా ఏంటి? చూసేది మా అమ్మ! పచ్చివో, ఎండువో, ఉన్నవి పట్టుకుని పద!” అని వైరు పీకేసి, ల్యాప్‌టాప్ మూత వేసి, ఎత్తి గుండెలకి హత్తుకుని మెట్లు దిగిపోయింది. తుర్రు వెనకాలే పరుగెత్తాడు. అతను ఇంకొకరి వెనక పరుగెత్తడం వీధివాళ్లు చూడటం అదే మొదలు.

అక్క వాళ్ల ముందుగదిలో కిటికీ పక్కనే టీవీ. ల్యాప్‌టాప్‌ని దానికి తగిలించాడు. అక్క కుర్చీని ఇంకా ఇంకా ముందుకి లాక్కుంది. మోకాళ్లు టీవీ బల్లకి తగిలేదాకా లాక్కుంది. తుర్రు పక్కనే నిలబడి, “ఇవి ఇంకా చెయ్యలేదక్కా, చప్పగా ఉంటాయి, అసలు ఇలా ఉండవు” అని ఒకటే గొణుగుడు. “వేస్తావా, ఉపన్యాసమిస్తావా?” అంది ఆమె.

వేశాడు. బూడిద రంగు ఫోటోలు, వంకరవి, వెలుగు చాలనివి, ఎవరో ఆవులిస్తున్నవి. కొత్త ల్యాప్‌టాప్ ఆ రోజు తన పని తాను చేసింది. వెనక్కంటే వెనక్కి, ముందుకంటే ముందుకి, పెద్దది చెయ్యి అంటే పెద్దది, రెప్పపాటులో తెచ్చి చూపించింది. ఆమె మాత్రం ఏ ఫోటోనీ నేరుగా చూడటం లేదు. తలని ఒక పక్కకి వాల్చి, ఫోటోకి కాస్త అవతల ఉన్న గోడ వైపు చూస్తోంది.

“ఆవులించేది మీ చిన్నాన్న గదూ! ఆ పొట్ట చూస్తే తెలుస్తోంది” అంటూ కూతురి వైపు తిరిగి పకపకా నవ్వింది. “ఈ పచ్చ చీర నేనే. అబ్బ, ఎంత తిరిగానురా ఆ రోజు. ఇదేమిటి, పిల్ల జడ నిండా పూలు, ఎంత బాగున్నాయో.” చీరలు గుర్తుపడుతోంది, నడకలు, భుజాలు, పొట్టలు గుర్తుపడుతోంది. పెళ్లికూతురి మొహం తెరంతా నిండిన ఫోటో వచ్చింది. తుర్రు తీసినవాటిల్లోకెల్లా మంచిది అది. అక్క తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, కొంచెం వెనక్కి జరిగింది, మళ్లీ ముందుకొచ్చింది.

“చెవులు కనబడుతున్నాయి. నుదుటి మీద జుట్టు కనబడుతోంది. మధ్యలో లేదురా.”

మేనకోడలు మెల్లగా వంటగదిలోకి వెళ్లిపోయింది. పంపు తిప్పిన చప్పుడు, నీళ్లు ఊరికే పోతున్న చప్పుడు వినిపించాయి.

తుర్రుకి అడగకుండా ఉండాలనే ఉంది. ఉండలేకపోయాడు.

“అక్కా, పెళ్లైన వారంలోనే చూపించి ఉంటే కనబడేదా?”

“కనబడేది” అంది అక్క.

అంతే. ఆ మాటకి ముందూ వెనకా ఏమీ లేదు. అప్పుడు తుర్రు ఏడ్చాడు. పెద్దవాడు ఏడ్చే ఏడుపు కాదు, బడిలో దెబ్బలు తిని ఇంటికొచ్చిన పిల్లవాడి ఏడుపు. చేతిలో మౌసు పట్టుకునే ఏడ్చాడు. “నీకు మంచివి ఇద్దామనే అక్కా” అన్నాడు, “అన్నిటికంటే మంచివి ఇద్దామని...”

“నాకు తెలీదూ? ఊరుకో. దాని మొహం నేను కని పెంచిన మొహం, కళ్లు మూసుకున్నా కనబడుతుంది నాకు.” మళ్లీ టీవీ వైపు వంగింది. “నువ్వెక్కడరా వీటిల్లో?”

“నేను తీశాను గదక్కా. నేనెందుకుంటాను?”

“ఒక్కదాంట్లోనూ లేవా?”

“లేను.”

“ఎన్నేళ్లయిందిరా నిన్ను చూసి! వస్తావు, కెమెరా మొహానికి పెట్టుకుంటావు, పోతావు. నా కన్ను బాగున్న రోజుల్లో కూడా నీ వీపే చూశాను. ఇప్పుడు నీ మొహం ఎలా ఉందో తెలీదు నాకు. చిన్నప్పటిదే గుర్తుంది.” టీవీ మీటని తడిమి వెతికి తనే ఆపేసింది. “ఇవి చాలు గాని, ఇలా వెలుగులోకి రా. ఆ స్టూలు వేసుకుని కూర్చో.”

కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కూర్చోగానే కర్టెను సర్దబోయాడు. “ఒదిలెయ్” అంది. జేబులో ఫోన్ మోగింది, చెయ్యి దానంతటదే పోయింది. “ఒదిలెయ్యమన్నానా!” అంది. మోగి మోగి అదే ఆగింది. కాలు ఊపుతుంటే ఆమె తన అరచెయ్యి అతని మోకాలి మీద వేసింది. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది అతనికి. లేచి ఎటైనా పారిపోవాలనుంది. పోలేదు.

అక్క అతని వైపు కాకుండా కిటికీ చువ్వల వైపు తిరిగింది.

“ఇదేం చిత్రంరా, నీ వైపు చూస్తే నువ్వు పోతున్నావు. పక్కకి చూస్తే ఉన్నావు.”

అలా పక్కకి చూస్తూనే, ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటూ చూసింది. చెవి పైన జుట్టు నెరిసిందంది. దవడలు దిగాయంది, తిండి సరిగా తినడం లేదంది. కనుబొమలు నాన్నవి, గడ్డం అమ్మది అంది. అంటున్నంతసేపూ కళ్లు కిటికీ బయట ఎక్కడో ఉన్నాయి, ఎదురింటి గోడ మీద. తుర్రు ఊపిరి కూడా మెల్లగా తీశాడు, కదిలితే తను ఆమె చూపులోంచి జారిపోతాడేమోనని.

“అయిందా అక్కా?” అన్నాడు కాసేపటికి.

“ఉండరా,” అంది అక్క, “ఇంకా ముక్కు దగ్గరికి రాలేదు.”